గొట్టంలో గీతలు

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడ్డానికి చిన్నదే. నోట్లోంచి వచ్చేటప్పుడు ఏమాత్రం బరువనిపించలేదు. బరువంతా తర్వాత మొదలైంది.

నన్నెరిగినవాళ్ళు ఈ మాట వింటే నవ్వుతారు. బస్సు కండక్టరు దగ్గర్నుంచి కాలేజీ ప్రిన్సిపాలు దాకా ఎవరితోనైనా వాదనకి దిగి, అవతలివాళ్ళు నోరు మూసుకున్నాకే లేచొచ్చే మనిషిని నేను. నాకు దాపరికమేమిటి? కానీ ఉంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మా ఊరు అరకు దాటి ముంచింగిపుట్టు వెళ్ళే దారిలో, రోడ్డు వదిలి లోపలికి ఉంటుంది. రాగి, సామ చేలు, కాస్త కాఫీ. అడవి పందులు పడితే తెల్లారేసరికి చేను మిగలదు. అందుకని చుట్టుపక్కల ఊళ్ళలో అయిదారుగురికి లైసెన్సున్న ఒంటిగొట్టం తుపాకులుండేవి. ఎన్నికలొచ్చినప్పుడల్లా వాటిని స్టేషన్లో అప్పగించాలి. తిరిగొచ్చేసరికి మా కొండల తేమకి గొట్టం లోపలంతా తుప్పు. అప్పుడందరూ మా నాన్న దగ్గరికి వచ్చేవారు. గొట్టం లోపలి భాగాన్ని అద్దంలా నునుపు చెయ్యడం ఆయనకి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు.

ఆ పని ఎలా ఉండేదో చెప్పకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. అంతకంటే, అది చెప్పడం నాకిష్టం.

ముందు తుపాకీలో తూటా లేదని తను చూసేవాడు. తర్వాత అమ్మకి చూపించేవాడు. ఇద్దరూ చూస్తే తప్ప గొట్టం విప్పేవాడు కాదు. వరి ఊక బూడిదని పల్చటి గుడ్డలో మూడుసార్లు జల్లించి, చిటికెడు నాలుక మీద వేసుకుని, ముందు పళ్ళ మధ్య నలిపి చూసేవాడు. ఒక్క రేణువు కరకరమన్నా అంతా పారబోసి మళ్ళీ మొదటికి. పళ్ళకి ఏమీ తగలకపోతేనే దాన్ని నూనెలో కలిపేవాడు. సన్నటి వెదురు కర్ర చివర చీల్చి, అమ్మ పాత చీర ముక్క చుట్టి, ఆ ముద్ద రాసి గొట్టంలోకి పంపేవాడు. పోయేటప్పుడు ఒక తిప్పు, వచ్చేటప్పుడు ఒక తిప్పు. గుడ్డ నేల మీద పడిందా, దాని పని అయిపోయినట్టే. ఇంకో ముక్క చింపాల్సిందే.

"నా సీరలన్నీ ఆ తుపాకులే కట్టుకుంతన్నాయి. నానేటి కట్టుకోవాల?" అనేది అమ్మ.

నాన్న నవ్వేవాడు గానీ చెయ్యి ఆపేవాడు కాదు. ఒక్కో గొట్టానికి నాలుగు రోజులు, అయిదు రోజులు. చివర్న దాన్ని గుమ్మం వెలుగుకేసి ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, నన్ను పిలిచేవాడు. లోపల వెలుగు గుండ్రంగా, చుట్ల వెనక చుట్లు, వరసగా గాజులు గుచ్చిన మలారంలోకి తొంగి చూసినట్టుండేది. ఎక్కడా ఒక్క చుట్టు విరిగేది కాదు. "సుట్టు తెగకూడదమ్మీ. తెగిందంటే ఆడ మన సెయ్యి తప్పినట్టే" అనేవాడు. ఇన్నేళ్ళలో చాలామంది చదువుకున్నవాళ్ళని చూశాను. చేసే పని మీద అంత మర్యాద ఉన్న మనిషిని మళ్ళీ చూడలేదు.

నేను విశాఖలో బీఎస్సీ పూర్తి చేసి వచ్చిన ఏడాది అది. అప్పుడే సోమన్న మామ తన తుపాకీ ఇచ్చి వెళ్ళాడు. పక్క ఊరి మనిషి, నాన్నకి చిన్నప్పటి నేస్తం. నాన్న రెండు రోజులు పని చేశాడు. మూడో రోజు సంతకి వెళ్ళాలి. ముందు రోజు సాయంత్రం నేను ఊరుకోక రాపిడి గురించి పాఠం మొదలుపెట్టాను. ఎంత గరుకైన దానితో రుద్దితే పని అంత త్వరగా అవుతుందనీ, ఆయన నాలుగు రోజులు చేసేది అరపూటలో అయిపోతుందనీ.

"నీ పుస్తకంలో గొట్టం ఉందేటి?" అన్నాడు నాన్న, నవ్వుతూ.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుంది? ప్రేమగానే నవ్వాడే! కానీ ఇరవై రెండేళ్ళ వయసులో, ఊరంతటికీ ఒక్క డిగ్రీ నా చేతిలో ఉన్నప్పుడు, నన్ను చూసి ఎవరు నవ్వినా ఓడిపోయినట్టే ఉండేది.

ఆయన సంతకి వెళ్ళగానే, తలుపులకి నునుపు పట్టిన వడ్రంగి వదిలేసిన గరుకు కాగితం తీశాను. కర్రకి చుట్టాను. రుద్దాను. తుప్పు ఎర్రటి పొడిగా రాలుతుంటే గెలిచేశాననుకున్నాను. తుడిచి గుమ్మం వైపు ఎత్తి చూశాను.

చుట్లు లేవు. ఈ చివర్నుంచి ఆ చివరి దాకా గీతలు, పిల్లి గోళ్ళతో రక్కినట్టు. నాన్న బూడిద ముద్దతో మధ్యాహ్నం దాకా రుద్దాను. పోలేదు. కాగితం పొయ్యిలో పడేశాను. కర్ర ఎక్కడిదక్కడ పెట్టాను. చేతులు సబ్బుతో కడుక్కున్నాను.

మర్నాడు పొద్దున్న నాన్న పనికి కూర్చుని, ముందొకసారి చూద్దామని గొట్టం ఎత్తాడు. చాలాసేపు దించలేదు.

"ఓలమ్మీ, దీన్ని నువ్వుగానీ ముట్టుకున్నావేటి?"

కోపంగా అడగలేదు. మీరిది నమ్మాలి. ఔనని ఉంటే, రెండు తిట్లు తిట్టి, గీతలు ఎలా పోగొట్టాలా అని ఆలోచనలో పడిపోయేవాడు. అంతే జరిగేది. నాకా సంగతి ఆ క్షణంలోనే తెలుసు.

"నానెందుకు ముట్టుకుంతాను? బూడిద జల్లించింది నువ్వు. కళ్ళు ఆనవు నీకు, సెప్తే వినవు. ఇసక పడుంతాది."

మామూలుగా నేను కాలేజీ భాషలో మాట్లాడేదాన్ని. ఆ ఒక్క అబద్ధానికి మాత్రం ఇంటి మాట వచ్చింది.

నాన్న గొట్టం పక్కన పెట్టి, డబ్బాలో మిగిలిన బూడిద చిటికెడు తీసి పళ్ళ మధ్య నలిపాడు. మళ్ళీ తీసి నలిపాడు. "తగల్డం లేదే..." అన్నాడు. తనలో తను అనుకుంటున్నట్టు, "పళ్ళకి కూడా తెలీడం మానేసిందన్నమాట" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. అడుగు దూరంలో.

ఆ రోజే తుపాకీ పట్టుకుని సోమన్న మామ ఇంటికి నడిచి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ తెలియదు. చెప్పేద్దామనా? ఎవరైనా నన్ను అనుమానిస్తారేమో చూద్దామనా? రెండోదే అయ్యుంటుంది.

"నీ గొట్టం పాడు సేసీసాను, సోమన్నా. నా సూపు పోనాది" అన్నాడు నాన్న.

సోమన్న మామ గొట్టంలోకి చూసి పెద్దగా నవ్వాడు. "పంది గొట్టంలో తల పెట్టి గీతలు సూత్తాదేటి? పేల్తే సాలదా? నీకు సూపు పోనాదని ఎవుడు సెప్పాడు?"

"మా గుంట సెప్పింది. సైన్సు సదివింది. అది సెప్పిందంటే అంతే."

అదీ సంగతి. ఆయన తన కళ్ళని నమ్మలేదు, పళ్ళని నమ్మలేదు. నన్ను నమ్మాడు.

ఆ తర్వాత ఎవరి గొట్టమూ పట్టలేదు. తుపాకులు వచ్చేవి. గుమ్మంలోంచే తిప్పి పంపేవాడు. నేను మనసులో వాదించుకున్నాను, వాదించడం నాకొచ్చిన విద్య కదా. ఆ గీతలతో తుపాకీ గురి తప్పదు. నిజమే. తుపాకులు ఎలాగూ తగ్గిపోతున్నాయి. నిజమే. ఎప్పటికైనా చూపు తగ్గేదే. అదీ నిజమే. కానీ అది జరిగిన ఆరేళ్ళ తర్వాత, వాన మబ్బు పట్టి ఇల్లంతా మసగ్గా ఉన్న మధ్యాహ్నం, అమ్మకి సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం చూశాను. మొదటిసారికే ఎక్కించాడు. నన్ను చూసి, "ఏదో గుడ్డిగా ఎక్కీసింది" అన్నాడు, సిగ్గుపడుతూ. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. పని మళ్ళీ మొదలుపెట్టే వయసే ఆయనది. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఆయన పద్నాలుగేళ్ళు బతికాడు. పద్నాలుగేళ్ళు! ఒక్క పూట చాలేది కదా. ఏం అడ్డం వచ్చింది? భయం కాదు. నన్నెప్పుడూ ఆయన కొట్టలేదు. తన కూతురు అబద్ధమాడదనే ఆయన నమ్మకాన్ని పోగొట్టుకోలేకపోయాను. ఆయన పోగొట్టుకున్నది ఎంతో తెలిసి కూడా.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర ఎవరో అన్నారు, ఎంత పనిమంతుడో, చివర్లో పాపం చెయ్యి తప్పిందని. అందరూ తలూపారు. ఉప్పు తక్కువైందన్నా వాదించే నేను, వడ్డిస్తూ ముందుకి వెళ్ళిపోయాను.

ఇప్పుడు అంటున్నాను. ఆయన చెయ్యి తప్పలేదు. మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, మీ నాన్నో తాతో తుపాకీ పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్ళి ఉంటే, తెలుసుకోండి. ఆయన చూపు సరిగ్గా ఉంది. ఆయన జల్లించిన బూడిదలో ఇసక లేదు. ఆ గీతలు నావి.

ఇది చెప్పినందుకు నన్ను మెచ్చుకోవద్దు, క్షమించనూ వద్దు. క్షమించగలిగినవాడు ఇప్పుడు లేడు. కానీ ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి, నాన్న పనితనం గురించి అడ్డు లేకుండా మాట్లాడాను. ఇన్నాళ్ళూ ఆయన గురించి ఎక్కడ మొదలుపెట్టినా ఈ చోటుకి వచ్చేసరికి మాట మార్చేసేదాన్ని. ఇవాళ మార్చలేదు.