మామ్మ పంపిన గంప

మా పక్కింటి మామ్మ పోయిందన్న కబురు బెల్లం మార్కెట్ దగ్గర ఆటోలో ఉండగా వచ్చింది. ఫోన్లో మా ఆయన చెప్పగానే నాకు ముందు ఏడుపు రాలేదు. కుక్కని కట్టేశానా లేదా అన్న అనుమానం వచ్చింది. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ జరిగింది అదే.

మామ్మ ఒక్కర్తే ఉండేది. తోడు ఒక ఎర్ర కోడిపెట్ట. గిన్నెలు తోముకుంటూ దానికి ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. మా కుక్క వాళ్ళ పెరట్లోకి దూరినప్పుడల్లా "ఓలమ్మా, దాన్ని కాస్త కట్టీయే" అనేది. "మా వాడు ఏం చెయ్యడు మామ్మా" అని నవ్వేసేదాన్ని. ఇంట్లో కుక్క ఉంటే ఈ మాట మీరూ ఎప్పుడో అనే ఉంటారు.

మొన్న వానాకాలంలో ఒక ఉదయం మా ఆయన పరవాడ కంపెనీ బస్సు అందుకునే హడావిడిలో గేటు వేయలేదు. అరుపులు విని వెళ్ళేసరికి మా వాడి నోట్లో ఎర్ర ఈకలున్నాయి. కోడి వీపు మీద తోలు లేచిపోయింది. "గేటు వేయంది మా ఆయన మామ్మా" అన్నాను. కొనప్రాణంతో ఉన్న కోడి ముందు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది! మామ్మ నా వైపు చూడనైనా లేదు.

సాయంత్రం బలమైన పెట్టనొకదాన్ని కొని తీసుకెళ్ళాను. మా వైపు కోళ్ళ తగువులు అలాగే తీరతాయి, కోడికి కోడి. మామ్మ ఒళ్ళో గాయపడ్డ కోడి ఉంది.

"ఇదెందుకే? నేను పిలిత్తే ఇది వత్తాదేటి? తెచ్చినకాడికే అట్టుకెళ్ళిపో. రేపు పొద్దున్న రా, దీన్ని అట్టుకోడానికి మనిసి కావాల."

వెళ్ళాను. మామ్మ ఉప్పునీళ్ళతో పుండు కడిగి, కొబ్బరినూనెలో కలిపిన పసుపు రాసేది. నేను పట్టుకోవాలి. నా చెయ్యి తగిలితే చాలు, కోడి వణికిపోయేది. "సబ్బెట్టి కడుక్కోని రాయే, నీ సేతులు కుక్క వాసనొత్తన్నాయి" అనేది మామ్మ. కోపంగా కాదు, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అనేది. తిట్టినా బాగుండేది, ఏదో బదులు చెప్పుకునేదాన్ని. బెల్లం నీళ్ళు చుక్క చుక్కగా పట్టి, ఈగలు వాలకుండా గంప మీద పాత చీర కప్పేది.

"పుండు అదే మానుద్ది. బెదురు పోవాల" అనేది.

పుండు మానింది. తోక ఈకలు లేకుండానే కోడి మళ్ళీ పెరట్లో తిరిగింది. నన్ను చూస్తే మాత్రం మామ్మ కాళ్ళ చాటుకి పోయేది. "రోజూ రాయే, అలవాటవుద్ది" అనేది మామ్మ. నేనే వెళ్ళడం తగ్గించాను. ఆ కోడి ముందు నిలబడాలంటే తల కొట్టేసినట్టుండేది.

కర్మకాండ అయ్యాక దేవరాపల్లిలో ఉండే మామ్మ కూతురు గంపతో మా గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మ ఇది నీకే ఇమ్మంది. దీన్ని అట్టుకోడం నీకు తెలుసంట."

"మా ఇంట్లో కుక్క ఉంది కదా అక్కా."

"ఆ మాటా సెప్పింది. కట్టీమంది."

కుక్కని కట్టేసి, సబ్బుతో చేతులు కడుక్కుని, గంప మీద పాత చీర తీశాను. వణుకుతుందని తెలిసే చేతులు చాపాను. దాక్కోవడానికి దానికిప్పుడు మామ్మ కాళ్ళు లేవు. పెరట్లో మా వాడు తాడు లాగుతూ మొరుగుతున్నాడు. కోడి నా ఒళ్ళోకి వచ్చి, మోచేతి కింద తల దూర్చి, కళ్ళు మూసుకుంది. వణికినా బాగుండేది.