పచ్చకార్డు మంచం

అరకు నుంచి పెదబయలు వైపు పోయే దారిలో, కొండ మలుపు దాటాక, పన్నెండు మంచాల మిషన్ ఆసుపత్రి ఒకటి ఉండేది. అందులో ఆయా మగ్దలేనమ్మ. చదివింది ఐదో తరగతే గాని, నోటికి మాత్రం డిగ్రీ ఇవ్వొచ్చు. డాక్టరు లాజరస్ గారు గుంటూరు వైపు నుంచి వచ్చిన మెత్తని మనిషి. రోగులు ఆయనకి దండం పెట్టేవారు, మగ్దలేనమ్మకి భయపడేవారు. మాత్ర మింగకుండా దిండు కింద దాచినవాడు ఎంతటివాడైనా సరే, ఆవిడ వార్డులో అడుగు పెట్టిందంటే తనే తీసి నోట్లో వేసుకునేవాడు.

ఆవిడ పుట్టింది కొండమీది ఊళ్లోనే. తొమ్మిదేళ్లప్పుడు ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. ఎనభై తొమ్మిదిలో ఆయాగా చేరింది. ఏడేళ్లపాటు తుడిచింది, కడిగింది, దుప్పట్లు ఉతికింది. తొంభై ఆరులో లాజరస్ గారు పచ్చకార్డు పెట్టాకే ఆవిడ పనికి ఒక పేరొచ్చింది.

ఆ పచ్చకార్డు సంగతి ముందు చెప్పాలి. కాలో తుంటో విరిగినవాళ్లని విశాఖ పెద్దాసుపత్రికి పంపితే, ఆపరేషన్ చేసి పది పన్నెండు రోజుల్లో పంపించేసేవారు. అక్కడ మంచాల కోసం జనం వరండాల్లో పడి ఉంటారు, వాళ్లని అనడానికి లేదు. ప్రాణానికి ఢోకా లేదు గాని మనిషి లేచి నడవలేడు. మైదానంలో ఇల్లయితే రిక్షాలో పోవచ్చు. ఇక్కడ ఇళ్లు కొండమీద. నేరుగా ఇంటికి పోయినవాళ్లలో చాలామంది ఇక చాప మీద నుంచి లేవలేదు. అందుకని లాజరస్ గారు ఒక ఏర్పాటు చేశారు. జ్వరం, సెలైను ఉన్నన్నాళ్లూ మంచం తలవైపు ఎర్రకార్డు వేలాడుతుంది. వైద్యం అయిపోయి, బలం కూడదీసుకునే దశ వస్తే మనిషిని కదపరు, మంచం మార్చరు, కార్డు మారుస్తారు. ఎర్రకార్డు మంచం డాక్టరుది, పచ్చకార్డు మంచం మగ్దలేనమ్మది. కూర్చోబెట్టడం, నిలబెట్టడం, తనంతట తాను దొడ్డికి వెళ్లి వచ్చేదాకా వెంటపడి నడిపించడం ఆవిడ పని. ఒకటే షరతు. ప్రతి సోమవారం డాక్టరు చూస్తారు. కొంచెమైనా ముందుకి వచ్చిన మనిషికి మరో వారం. రెండు సోమవారాలు ఉన్నచోటే ఉండిపోతే మంచం ఖాళీ చేయాలి. ఉన్నవి పన్నెండే మరి.

తొంభై ఎనిమిది డిసెంబరులో సోములమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. కాఫీ తోటలో పళ్లు కోస్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే, విశాఖలో ప్లేటు వేసి పంపారు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కొండవాలున ఒక ఎకరం చోడిచేను, అంటే రాగిచేను, ఒక పాక, పక్క పాకలో చెల్లెలు రత్న. వచ్చిన రోజే అడిగింది.

"నాను నడవనేకపోతే నా సేనెవులు సూత్తారు సెల్లీ?"

"నానున్నాను కదప్పా. నువ్వు తిను, నడు. మిగిలింది నాకొగ్గీ," అంది మగ్దలేనమ్మ.

సోములమ్మ నడవలేదు, ఎందుకంటే తినలేదు. పళ్లెం వస్తే గోడవైపు తిరిగేది. మరీ వెంటపడితే ఉత్త అన్నంలో ఉప్పు కలిపి నాలుగు ముద్దలు. కూర తాకదు, పప్పు తాకదు. వాకరు ఇచ్చి నిలబెడితే కళ్లు తిరిగి మగ్దలేనమ్మ మీద వాలిపోయేది. మొదటి సోమవారం డాక్టరు కార్డు మీద "ఆకలి లేదు, దిగులు" అని రాసి టానిక్కు ఇచ్చారు. టానిక్కుతో ఆకలి పెరగలేదు గాని మగ్దలేనమ్మ కోపం పెరిగింది.

వంటమనిషి ఎలీయేజరుది శృంగవరపుకోట. చలికాలంలో సంతలో చిక్కుడు కారుచౌక. అందుకని డిసెంబరంతా చిక్కుడుకాయ కూర, చిక్కుడు గింజలు వేసిన పప్పు, సాంబారులో కూడా చిక్కుడే. ఎవరైనా మూతి విరిస్తే, "దేవుడిచ్చింది తినాలి" అనేవాడు. "దేముడు వంకాయలు కూడా ఇచ్చినాడు, సూడు" అనేది మగ్దలేనమ్మ.

ఒకరోజు ఆవిడ పట్టలేక ముద్ద కలిపి సోములమ్మ నోటిదాకా తీసుకెళ్లింది. సోములమ్మ పళ్లు బిగించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒగ్గీ సెల్లీ. నాకొద్దు."

"ఇంత మొండితనమేటి! విరగాల్సింది నీ తుంటి కాదు, ఈ మొండితనం," అని పళ్లెం చప్పుడయ్యేలా కింద పెట్టి వెళ్లిపోయింది. ఆ మాట తలుచుకుని ఆవిడ తర్వాత చాలా ఏళ్లు బాధపడింది.

రెండో సోమవారం ఇంకా మూడు రోజులుందనగా లాజరస్ గారు ఆవిడని పిలిచారు. "మగ్దలేనమ్మా, న్యుమోనియా పిల్లలు ఇద్దరు ఒకే మంచం మీద ఉన్నారు. సోమవారానికి ఈవిడ నాలుగడుగులైనా వేయకపోతే ఇంటికి పంపక తప్పదు," అన్నారు. ఆయన గొంతులో విసుగు లేదు. విసుగు ఉంటే పోట్లాడేది. లేదు కాబట్టి బయటికి వచ్చేసింది.

ఆ రోజు శుక్రవారం, అరకు సంత. సంతకి వచ్చిన రత్న అక్కని చూసిపోదామని ఎండిన ఆనపబుర్రలో చోడంబలి పట్టుకొచ్చింది. సోములమ్మ బుర్ర ఎత్తింది మొదలు దించకుండా తాగింది. ఎండుచేప ముక్క నంజుకుని మళ్లీ తాగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మగ్దలేనమ్మకి ఒళ్లు మండింది.

"ఆకల్లేదన్నావు! మా కూడేటి పాపం సేసింది?"

సోములమ్మ తల దించుకుంది. రత్న అటూ ఇటూ చూసి చిన్నగా అంది. "ఇక్కడ సిక్కుడు పెడతన్నారట కదమ్మా. మా ఊరికి సిక్కుడు కొత్త అవ్వనేదు."

మగ్దలేనమ్మ ఉన్నపళాన బల్ల మీద కూలబడింది.

కొండమీద ఏ పంట చేతికొచ్చినా ముందు ఊరి దేవుడికి పెట్టి, పూజ చేసి, ఆ తర్వాతే తింటారు. ఆ పండుగనే కొత్త అంటారు. మామిడికి ఒక కొత్త, సామలకి ఒకటి, చిక్కుడుకి ఒకటి. ఒక్కో ఊళ్లో ఒక్కోప్పుడు చేస్తారు, సోములమ్మ ఊళ్లో చిక్కుడు కొత్త జనవరిలో గాని రాదు. అప్పటిదాకా వాళ్లు చిక్కుడు ముట్టరు. మైదానం డాక్టరుకి ఇది తెలియదు, ఎలీయేజరుకి అసలే తెలియదు. మగ్దలేనమ్మకి తెలుసు. చిన్నప్పుడు కొత్త కాకముందే చిక్కుడుకాయ కొరికిందని వాళ్లమ్మ వీపు మీద రెండు వాయించింది కూడా. బాప్తిస్మం తర్వాత ఇంట్లో ఆ పట్టింపు అక్కర్లేకపోయింది. అక్కర్లేనిది మరిచిపోవడం ఎంత తేలికో!

"నాకు సెప్పొచ్చు కదప్పా?"

"ఇది మీ దేముడి ఆసుపత్రి. మా దేముడి మాటెత్తితే గెంటేత్తారనుకున్నాను," అంది సోములమ్మ. "తింటే దేముడికి కోపమొచ్చి ఇరిగిన బొమిక అతకదు. తినకపోతే మీరు పంపేత్తారు. నానేటి సేత్తాను?"

 ఆ ఆసుపత్రిలో పనిచేసేవాళ్లలో కొండ సంగతులు తెలిసిన మనిషి మగ్దలేనమ్మ ఒక్కతే. తిట్టిన మనిషీ తనే. 

కాసేపట్లో వంటింట్లో గొడవ. ఒక్క మనిషికోసం వేరే వంటేమిటని ఎలీయేజరు. "నువ్వు ముట్టుకోకు, నానే వండుతాను" అని మగ్దలేనమ్మ. తన ఇంటి నుంచి కొత్త కుండ తెచ్చింది, చోడిపిండి తెచ్చింది, వార్డు వెనక మూడు రాళ్లు పెట్టింది. లాజరస్ గారికి జరిగింది చెప్తే ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. కార్డు మీద "ఆకలి లేదు" అన్నది తన చేత్తోనే కొట్టేశారు. "కానీ సోమవారం సోమవారమే, పిల్లలు అలాగే ఉన్నారు" అన్నారు.

సోములమ్మ పూటకి రెండు గిన్నెల అంబలి తాగింది. ఉడకబెట్టిన గుడ్లు తింది. శనివారం నిలబడింది. ఆదివారం మంచం పట్టె పట్టుకుని పక్కకి జరిగింది. సోమవారం నాలుగడుగులు అడిగితే ఆరు వేసింది. ఆరో అడుగు పడగానే మగ్దలేనమ్మ అందరిముందూ ఏడ్చింది. న్యుమోనియా పిల్లల్లో ఒకడు అప్పటికి నయమై, పెట్టినదల్లా తింటూ, ఇంటికి పోనని మారాం చేస్తున్నాడు.

తర్వాత వారాలు వాకరు, ఆపైన చేతికర్ర. మెట్లు నేర్పాలంటే ఆ ఆవరణలో ప్రార్థన మందిరానికే మెట్లున్నాయి. సోములమ్మ వెనక్కి తగ్గింది. "ఎక్కు, దిగు. లోపలికెల్లక్కర్లేదు. నానేమీ నీకు బాప్తిస్మం ఇవ్వను," అంది మగ్దలేనమ్మ. రోజుకి ఇరవైసార్లు ఎక్కించింది. జనవరిలో రత్న వచ్చి ఊళ్లో కొత్త అయిందని చెప్పింది. అప్పటికి ఎలీయేజరు చిక్కుడు మానేసి క్యాబేజీలో పడ్డాడు.

ఆ ఏడాది నుంచి రెండువేల పదిలో పని మానేసేదాకా మగ్దలేనమ్మ ప్రతి పచ్చకార్డు మనిషినీ మొదట అడిగిన మాట ఒకటే, "మీ ఊరికి ఏ కొత్త అయింది, ఏది అవ్వనేదు?" సమాధానం నర్సు సరళ కార్డు మీద రాసేది.

తొంభై తొమ్మిది ఫిబ్రవరి చివర ఆసుపత్రి జీపులో మగ్దలేనమ్మే సోములమ్మని కొండ కిందిదాకా దిగబెట్టింది. అక్కడి నుంచి పైకి గంట నడక, అదీ కాళ్లు బాగున్నవాళ్లకి. నలుగురు మగవాళ్లు వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీతో సిద్ధంగా ఉన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషిని మోసుకుపోవడం ఊరి అలవాటు.

"ఎక్కు పిన్నీ," అన్నాడు ముందు కొస పట్టిన గాసి.

సోములమ్మ మగ్దలేనమ్మ వైపు చూసింది. వద్దు, నడువు అనే మాట మగ్దలేనమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుంది. కార్డు తీసేశారు, ఇక ఈ మనిషి మీద తనకి పెత్తనం లేదు.

సోములమ్మ బట్టలమూట భుజాన వేసుకుని కర్ర పట్టుకుని కదిలింది. వాళ్లు ఖాళీ డోలీతో వెంట నడిచారు. కొంత ఎక్కాక, కింది నుంచి ఇంకా కనబడేచోటే, దారి నిటారుగా లేచిన దగ్గర సోములమ్మ ఒక బండ మీద కూర్చుండిపోయింది. గాసి సరిగ్గా ఆవిడ కాళ్ల ముందు డోలీ దించాడు. కింద జీపులో డ్రైవరు హారన్ కొట్టాడు. జీపు పక్కన నిలబడి పైకే చూస్తున్న మగ్దలేనమ్మ అటు తిరక్కుండానే ఆగమని చెయ్యెత్తింది. సోములమ్మ చాలాసేపు కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ముందుకి వంగి డోలీ అంచు పట్టుకుంది. 

సోములమ్మ భుజం మీది మూట తీసి డోలీలో పెట్టింది. కర్ర ఆనించి లేచి, డోలీ పక్కనుంచి పైకి నడిచింది. నలుగురు మగవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుని, ఆ బట్టలమూటని మోసుకుంటూ ఆవిడ వెనక నడిచారు.