ఉప్పు చూసిన నలుగురు

ఆ రోజుల్లో నాకు జీతం కంటే కోపమే క్రమం తప్పకుండా వచ్చేది. ఆసిఫాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సబ్జెక్టుకు గెస్ట్ లెక్చరర్‌గా కొత్తగా చేరాను. గెస్ట్ అంటే అతిథి అనుకునేరు. ఇంటికొచ్చిన అతిథిని కనీసం కూర్చోమంటారు (మాకు స్టాఫ్ రూంలో ఎవరైనా సెలవు పెడితేనే కుర్చీ దొరికేది). మాది హుస్నాబాద్. వయసు పాతికలోపు, గొంతు పెద్దది, ఓపిక చిన్నది. చేరిన కొత్తలోనే పిల్లలు నాకు 'మిర్చి మేడం' అని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడగానే క్లాసులోకి వెళ్లి అందరినీ నిలబెట్టి చెడామడా తిట్టాను. దాంతో పేరు ఖాయమైపోయింది.

ఆ ఏడే ఫస్టియర్ వాళ్ల కంప్యూటర్ పరిచయం పేపర్‌లో కొత్త యూనిట్ ఒకటి చేర్చారు. అప్పటిదాకా ఆ పేపర్ నిండా మౌస్ అంటే ఏమిటి, కీబోర్డు అంటే ఏమిటి అన్న గోలే. పొద్దస్తమానం ఫోన్‌లో మునిగి తేలే పిల్లలకు మౌస్ బొమ్మ గీసి భాగాలు గుర్తించమనేవాళ్లం, సిగ్గు లేకుండా! కొత్త యూనిట్ పేరు పారలల్, డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్. అంటే పెద్ద పనిని ముక్కలు చేసి అనేక ప్రాసెసర్లతో ఒకేసారి చేయించడం, ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లను కలిపి ఒకే పనికి పెట్టడం. ఆ పిల్లల జేబుల్లోని ఫోన్లు చేస్తున్నదే అది. హమ్మయ్య, ఇన్నాళ్లకు చెప్పదగిన పాఠం ఒకటి వచ్చిందని నేను సంబరపడ్డాను. పుస్తకం పట్టుకుని మా డిపార్ట్‌మెంట్ పెద్ద దగ్గరికి పరిగెత్తాను. ఆయనను పిల్లలు 'నోట్సు సారు' అనేవారు. కామా, ఫుల్‌స్టాప్, నెక్స్ట్ లైన్ అంటూ గంట సేపు చెప్పి రాయించేవారు. పిల్లలు కూడా తక్కువ వాళ్లేం కాదు, కామా అన్నచోట 'కామా' అనే రాసుకునేవారు.

"ఆ యూనిట్ ఇడిసిపెట్టమ్మా," అన్నారు ఆయన పుస్తకం తెరవకుండానే. "పరీక్షల ఛాయిస్ ఉంటది. అండ్ల పోతది."

"పోతే పిల్లలకెట్లొస్తది సార్?"

"ఎందుకు రావాలె? గీ అడవుల పిల్లలకు గవన్నీ ఎక్కుతయా? జర టైపింగ్ నేర్పు, చాలు. నువ్వు పరేషాన్ గాకు, వాళ్లను పరేషాన్ జెయ్యకు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంత మంట అని మీరు అడగొచ్చు. నేను చదువుకున్నప్పుడు కూడా ఇట్లాంటి మహానుభావుడే ఒకాయన ప్రతి కష్టమైన పాఠం దగ్గరా "ఇంపార్టెంట్ కాదు" అని పేజీలు తిప్పేశాడు. మేమూ సంతోషంగా తిప్పేశాం. చదువైపోయాక హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూకు వెళ్తే, "ఒకే పని నాలుగు ప్రాసెసర్లకు పంచితే నాలుగు రెట్లు వేగంగా అవుతుందా?" అని అడిగారు. నేను కాసేపు ఫ్యాన్ వైపు చూసి, "సార్, అది మాకు ఛాయిస్‌లో పోయింది," అన్నాను. నిజం! అట్లాగే అన్నాను. ఎదురుగా కూర్చున్న ముగ్గురూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వు నన్ను బస్సులో హుస్నాబాద్ దాకా తరిమింది. మాకు రాక కాదు, మాకు చెప్పలేదు. మాకు ఎక్కదని ఎవడో ముందే తీర్మానించుకున్నాడు. ఆ కోపం ఉద్యోగం రానందుకు వచ్చిన కోపం కంటే పెద్దది.

అందుకే ఆ రోజు నోట్సు సారుతో గొంతు పెంచాను. పంచాయితీ ప్రిన్సిపాల్ మేడం దాకా పోయింది. ఆమె మంచిదే కానీ లొల్లి అంటే భయం. ఇద్దరి మాటా విని మధ్యస్థంగా ఒక తీర్పు చెప్పింది. "కొత్త సిలబస్ ఎట్ల నడుస్తుందో చూడనీకి వర్సిటీ నుంచి కమిటీ వస్తుందమ్మా. వాళ్ల ముంగట పిల్లలు నోరిప్పి చెప్పిన్రనుకో, గా యూనిట్ ఉంటది, నువ్వూ ఉంటవు. చెప్పలేదనుకో..." అని ఆగిపోయింది. ఆగిపోయినా అర్థమైంది. యూనిట్‌తో పాటు నేను కూడా ఛాయిస్‌లో పోతానన్నమాట.

చెప్పడానికి ల్యాబ్ ఉండాలి కదా. మా ల్యాబ్‌లో కంప్యూటర్లు చాలానే ఉండేవి, పని చేసేవి మాత్రం తక్కువ. పని చేసే వాటికి కరెంటు ఉండేది కాదు. కరెంటున్నప్పుడు ల్యాబ్ తాళం నోట్సు సారు దగ్గర ఉండేది, సారు ఇంటి దగ్గర ఉండేవారు. నేను తల బాదుకుంటుంటే ప్రిన్సిపాల్ మేడం ఇంకో కబురు చెప్పింది. కమిటీ వాళ్లకు భోజనం కాలేజీలోనే వండించాలట, వంట పిల్లలే చేయాలట. మామూలుగా అయితే ఆ మాటకే భగ్గుమనేదాన్ని. కానీ ఆ క్షణంలో నాకు దారి కనిపించింది. వంటే మా ల్యాబ్! బగార అన్నం, కోడికూర, పప్పుచారు. ఇంతకంటే మంచి ప్రాక్టికల్ ఏముంటుంది?

బోర్డు మీద వంటను ముక్కలు చేశాను. ఉల్లిగడ్డలు కోయడం, అల్లం వెల్లుల్లి దంచడం, బియ్యం కడగడం ఎవరి పాటికి వాళ్లు ఒకేసారి చేసుకోవచ్చు. పోపు వేగకముందే బియ్యం పోయలేరు, అది ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే. ఎంతమంది ఉన్నా అన్నం ఉడికే సమయం తగ్గదు. పిల్లలకు నేను చెప్పేలోపే అర్థమైంది. "మేడం, ఉల్లిగడ్డకు పదిమంది పెట్టి ఫాయిదా లేదు, కత్తులు రెండే ఉన్నయి," అంది ఒక పిల్ల. ఈ పిల్ల గురించి చెప్పాలి. బొగ్గు గనుల కాలనీ నుంచి రోజూ బస్సులో వచ్చేది. మెల్లగా మాట్లాడినా వరండా చివరిదాకా వినిపించేది. అందరూ 'సైరన్' అనేవారు. ఈ పిల్లలకు ఎక్కదట! నోట్సు సారు పక్కనుంటే ఆ రెండు కత్తుల్లో ఒకటి అడిగి తీసుకునేదాన్ని.

కమిటీ వచ్చిన రోజు పొద్దున్నే కాలేజీ వెనక కట్టెల పొయ్యిలు రాజేశాం. అన్నీ పంచాను. కోయడానికి వీళ్లు, కడగడానికి వీళ్లు, మంట చూడటానికి పొడుగ్గా ఉండే ఒక పిల్లవాడు (పేరు 'టవర్'). పంచనిది ఒక్కటే, ఉప్పు. కోడికూర గంజు పొయ్యి మీదికి ఎక్కాక అటు తిరిగి ఇటు తిరిగి, "ఉప్పు చూడండ్రా!" అని అందరినీ కలిపి ఒక కేక వేశాను. అదీ నేను చేసిన ఏర్పాటు. అసలు మన 'చూడు' అన్న మాటంత ప్రమాదకరమైన మాట ఇంకొకటి లేదు. ఉప్పు చూడు అంటే నాలుక మీద వేసుకుని చూడమనా, చాలకపోతే వేయమనా, ఇక ఉప్పు బాధ్యత నీదేననా? ఎవరికి తోచింది వాళ్లు అనుకోవచ్చు. పైగా వేసేది దొడ్డు ఉప్పు. అంత పెద్ద గంజులో పడి కరగడానికి అది తీరిగ్గా సమయం తీసుకుంటుంది.

మధ్యాహ్నం ల్యాబ్ చూసి వచ్చిన కమిటీ పెద్ద, వర్సిటీ సారు, "వీటితోనా ఆ యూనిట్ చెప్తున్నారు?" అని చిన్నగా నవ్వారు. నేను పళ్లు కొరుక్కుంటూ, భోజనం అయ్యాక పిల్లలను అడగమన్నాను. విస్తళ్లు వేశారు, వడ్డించారు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ముఖం ఒక్కసారిగా ఆగిపోయింది. నమలడం లేదు, మింగడం లేదు. చెయ్యి మాత్రం గ్లాసు కోసం బల్లంతా వెతుకుతోంది. నోట్సు సారు అదే అదనుగా లేచి, "ఇగో, గిందుకే చెప్పిన! గిదేనా నీ పారలల్?" అని అందరి ముందూ నా మీద అరిచారు.

నేను వంట దగ్గరున్న వాళ్లందరినీ అక్కడికే పిలిచాను. "ఎవరు ఏసిన్రు ఉప్పు? చెప్పుండ్రి! నా ఇజ్జత్ దీయనీకి ఎవరు ఏసిన్రు?"

"నేనే ఏసిన మేడం," అంది సైరన్. "చూసిన. అప్పుడు ఉప్పు లేకుండె. అందుకే ఏసిన."

"నేను చూసినప్పుడు గూడ లేకుండె," అన్నాడు టవర్. "నేను గూడ ఏసిన."

"ఇద్దరేనా?"

సైరన్ తల దించుకుంది కానీ గొంతు దించుకోలేదు. "సారు గూడ వచ్చి చూసిండు. 'గీ పోరగాండ్లకు ఏం రాదు' అనుకుంట ఏసిండు."

నోట్సు సారు కుర్చీలో కూర్చున్నారు. నాకు పట్టరాని ఆనందం కలిగింది. "చూసిన్రా సార్!" అని విజయగర్వంతో ఇటు తిరిగాను.

"మీరు గూడ ఏసిన్రు మేడం."

"నేనా? నేనెందుకేస్త?"

"గంటె పెట్టి చూసిన్రు. 'ఒక్కదానికన్న బుద్ధి లేదు, ఉప్పు లేనే లేదు' అని తిట్టుకుంట దోసెడు ఏసిన్రు."

వేశాను. అప్పుడు గుర్తొచ్చింది. వర్సిటీ సారు రెండో గ్లాసు మంచినీళ్లు తాగి, "ఆగండి. నలుగురూ చూసే వేశారు కదా, మరి ఎక్కడ తప్పు జరిగిందమ్మా?" అని ఆ పిల్లనే అడిగారు.

"చూసుడుకు, ఏసుడుకు నడుమ ఇంకొకరు జొర్రిన్రు సార్," అంది సైరన్. "నేను ఏసింది కరగకముందే వీడు చూసిండు. వీడిది కరగకముందే సారు చూసిండు. అందరు చూసింది నిజమే గాని, అప్పటికే పాతగైంది. గంటె ఒక్కటే ఉండాలె సార్. అది ఎవల చేతిల ఉంటే వాళ్లే చూడాలె, వాళ్లే ఎయ్యాలె, కలిపి కరిగినంకనే ఇంకొకరికి ఇయ్యాలె."

ఆయన ముందుకు వంగారు. "మరి నాలుగు గంజులు పెట్టి, నలుగురూ వేరువేరు చోట్ల వండితే?"

"అప్పుడు ఎవల గంటె వాళ్లదే, లొల్లి లేదు. కానీ నాలుగు కూరలల్ల ఉప్పు ఒక్కతీరుగ ఉండాల్నంటే ఒకరికొకరు చెప్పుకుంట ఉండాలె. చెప్పుకునుడుకే సగం టైం పోతది సార్."

ఒకరి పని తేలకముందే ఇంకొకరు జొరబడితే లెక్క తప్పడాన్ని పుస్తకంలో రేస్ కండిషన్ అంటారు, నేను అందాకా ఇంకా రానే లేదు. ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరిని ఆపే లాక్ అన్న మాట క్లాసులో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ పిల్ల రెండింటినీ కోడికూరలోంచి తీసి ఆయన విస్తట్లో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు మళ్లీ కోపమొచ్చింది.

వర్సిటీ సారు చెయ్యి కడుక్కుని, ఆ యూనిట్‌ను ఛాయిస్‌లో వదలొద్దని ప్రిన్సిపాల్ మేడంతో గట్టిగా చెప్పారు. నోట్సు సారు వెంటనే తేరుకున్నారు. "నేను చెప్త సార్. నోట్సు తయారుగున్నది," అన్నారు. చూశారా ధైర్యం! నేను నోరు తెరిచేలోపే వర్సిటీ సారు, "మీ చేతి ఉప్పు తిన్నాం కదండీ, చాలు. ఆమెనే చెప్పనివ్వండి," అని జీపు ఎక్కేశారు. ప్రిన్సిపాల్ మేడం నా భుజం తట్టి, "ఉండమ్మా, ఫికర్ జెయ్యకు," అని వెళ్లిపోయింది.

పిల్లలు ఇంకో గంజు తెల్లన్నం వండి, కూరలో నీళ్లు పోసి, టమాటాలు వేసి మళ్లీ ఉడికించి, అందరూ చుట్టూ కూర్చున్నారు. నాకూ ఒక పళ్లెం ఇచ్చారు. గెలిచానన్న సంగతి నా కోపానికి ఇంకా తెలిసినట్టు లేదు. పళ్లెం పట్టుకుని నిలబడే నోట్సు సారును, కరెంటోళ్లను, దొడ్డు ఉప్పును, హైదరాబాద్‌లో నవ్విన ముగ్గురినీ వరసపెట్టి తిడుతున్నాను. ఇక్కడి పిల్లలకు ఎక్కదన్న మాట ఇంకోసారి వినబడితే చూడండి, అంటున్నాను. (ఆ మాట వింటే ఇప్పటికీ నాకు అంతే మండుతుంది. అదే యూనిట్ ఇప్పటికీ చెప్తున్నాను.) కానీ ఆ మిర్చి మేడం, కొంగు బొడ్లో దోపుకుని, ఎడమ చేత్తో పళ్లెం, కుడి చేత్తో గాలిలో యుద్ధం, ఆమెను తలచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది, నవ్వూ వస్తుంది. ఎంతసేపటికీ ఆగకపోయేసరికి చివరికి సైరన్ తలెత్తి అంది.

"మేడం, తిట్టుడన్న తిట్టుండ్రి, తినుడన్న తినుండ్రి. రెండు ఒక్కసారి మీతోని గాదు."

అందరూ గొల్లున నవ్వారు. ఒక్కరికీ నేనంటే భయం లేదని ఆ రోజే తెలిసింది. కోపం తెచ్చుకుందామని చూశాను కానీ అప్పటికి బాగా ఆకలేస్తోంది. వాళ్ల మధ్యలో చోటు చేసుకుని కూర్చుని, నోరు మూసుకుని తిన్నాను.