నలుగురిలో ఫస్టు

తెలివి లేక చెడినవాళ్ళ కథలు మీరు చాలా వినే ఉంటారు. ఇది తెలివి ఎక్కువై చెడినవాడి కథ. ఆ తెలివి నాది. దాని దెబ్బకి నా ఇంజనీరింగు సీటు, మా నాన్న పరువు రెండూ ఒకేసారి గల్లంతయ్యాయి. నవ్వొస్తే నవ్వండి, మొహమాటం వద్దు. ముప్పై ఏళ్ళ నుంచి అందరూ నవ్వుతూనే ఉన్నారు, నాకు అలవాటైపోయింది.

తొంభైల మొదట్లో మేము మస్కట్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఏసీ ఆఫీసు, దార్సైట్‌లో కంపెనీ ఫ్లాటు, సాయంత్రమైతే అమ్మకి కృష్ణుడి గుడి, గుడి మెట్ల మీద ఆవిడ స్నేహితురాళ్ళు. కాకినాడలో మా చుట్టాల దృష్టిలో మేము జమీందార్లం. కానీ అక్కడ పెరిగే పిల్లలందరికీ ఒక గండం ఉండేది. పన్నెండో తరగతి దాటితే మనకి అక్కడ కాలేజీ లేదు. పెట్టె సర్దుకుని ఇండియా వచ్చి సీటు తెచ్చుకోవాల్సిందే. సీటొచ్చినవాడు మనిషి, రానివాడు మేక.

మా బడిలో పోటీ ఎలా ఉండేదంటే, టిఫిన్ డబ్బా మూత తీస్తే లోపల ఏముందని ఎవడూ అడిగేవాడు కాదు, లెక్కల్లో ఎన్నొచ్చాయని అడిగేవాడు. క్లాసులో నలభై ఇద్దరం. నాది ఇరవైమూడో ర్యాంకు. కింది ఫ్లాటు మూర్తి అంకుల్ కొడుకు కిశోర్‌ది ఇరవైనాలుగు. మేమిద్దరం ప్రాణస్నేహితులం. వాడు నా వెనకే ఉన్నాడన్న ధైర్యంతో నేను రోజూ అన్నం తినేవాణ్ణి.

పదో తరగతి పరీక్షలయ్యాక, మా క్లాసులో ఫస్టొచ్చే అమ్మాయి వాళ్ళింట్లో ఒక పుస్తకం నా కంటపడింది. వాళ్ళన్నయ్య కోసం ఏదో అమెరికా కాలేజీ వాళ్ళు పంపిన రంగుల పుస్తకం. అందులో దరఖాస్తు ఫారం, ఫారంలో ఒక గడి: 'తరగతిలో నీ స్థానం ఎంత?' అంతే. నా బుర్రలో దీపం వెలిగింది. ఆ దీపం ఇల్లంటుకుంటుందని అప్పుడు తెలీదు.

నా లెక్క వినండి. కాలేజీ అన్నది ఎక్కడైనా కాలేజీయే. వాళ్ళడిగేది స్థానం. ఇక్కడ నా స్థానం ఇరవైమూడు. చదివి పైకి వెళ్ళాలంటే ఇరవైరెండు మందిని దాటాలి, వాళ్ళలో ఒక్కడు కూడా జ్వరం పడే రకం కాదు. అదే ఏ చిన్న బడికో మారితే? ఏ చెట్టూ లేని చోట ఆముదమే మహావృక్షమన్నారు కదా. ఎడారిలో ఆముదం కూడా ఉండదు, నేనే కల్పవృక్షం!

అలాంటి బడి ఒకటి ఉంది. మస్కట్ నుంచి ఎడారి దారిలో ఇబ్రి అనే పట్టణం దాటి ఇంకా లోపలికి పోతే ఒక ఊరు, పేరు చెప్పను. అక్కడ నాన్న వాళ్ళ కంపెనీకి సైట్ ఉంది. సైటుకి డ్రాఫ్ట్స్‌మన్ కావాలంటున్నారని నాన్న ఫోన్‌లో ఎవరితోనో అనగా విన్నాను. ఇక ఆలస్యమెందుకు? ఓ సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి, ఇంకా సాక్సు అయినా విప్పకముందే, సోఫా ముందు నిలబడి ఉపన్యాసం అందుకున్నాను.

"నాన్నా, నేను ఈ బడి మానేస్తాను."

"ఏంట్రా?"

"మీరు ఆ సైటుకి మార్పించుకోండి. మనందరం అక్కడికే వెళ్ళిపోదాం. అక్కడ బడిలో నేను ఫస్టొస్తాను. ఫస్టొస్తే కాలేజీ వాళ్ళు పిలిచి మరీ సీటిస్తారు."

"పిలిచి ఇస్తారా? ఎవరు చెప్పార్రా నీకు?"

"ఫారంలోనే ఉంది. నా కళ్ళతో చూశాను."

నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలు తరుగుతోంది కాబోలనుకున్నాను. నేను రెండు గంటల వాదనకి సిద్ధపడి, ఎదురు ప్రశ్నలకి జవాబులు కాయితం మీద రాసుకుని వచ్చాను. ఆయన రెండు నిమిషాలు కూడా తీసుకోలేదు.

"సరేరా, అందరం వెళ్దాం," అన్నారు.

అమ్మ గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను కాయితం మడిచి జేబులో పెట్టుకుని, ఈ వాక్చాతుర్యానికి ఇంజనీరింగు చిన్నది, లా చదవాలేమో అనుకున్నాను. చూశారా, గాడిదకి కొమ్ములు మొలిస్తే ఇలాగే ఉంటుంది!

వెళ్ళాం. ఫ్లాటు పోయి రేకుల కేబిన్ వచ్చింది. గుడి పోయి జెనరేటర్ చప్పుడొచ్చింది. నాన్న ఏసీ ఆఫీసు పోయి, నెత్తిన హెల్మెట్, చంకలో డ్రాయింగులు, మొహమంతా సిమెంటు దుమ్ము వచ్చాయి. అమ్మ మాట్లాడుకోవడానికి తెలుగు ఆడమనిషి యాభై మైళ్ళలో లేదు. రోజుకి మూడుసార్లు కేబిన్‌లో ఇసుక ఊడ్చి, "నువ్వు ఫస్టొచ్చి సీటు తెచ్చుకో నాన్నా, నాకదే చాలు," అనేది. ఆ మాటకి నేను, రాజుగారు అర్జీ తీసుకున్నట్టు తల ఊపేవాణ్ణి.

ఇక బడి. పదకొండో తరగతి సైన్సులో నాతో కలిపి నలుగురం. లెక్కలు, ఫిజిక్సు, డ్రిల్లు మూడూ ఒకే మాస్టారు. కెమిస్ట్రీ ల్యాబులో బర్నర్ ఉండేది, గ్యాసు ఉండేది కాదు. రంగు మారుతుందని పుస్తకంలో ఉంటే, మారిందని రాసుకునేవాళ్ళం. నాకేం? నాకు కావాల్సింది రంగు కాదు, స్థానం.

మొదటి పరీక్షలో స్థానం వచ్చింది. రెండో ర్యాంకు! నలుగురిలో రెండు! హాస్పిటల్ నర్సుగారమ్మాయి షైలా నన్ను చిత్తుగా ఓడించింది. నలభై ఇద్దరి క్లాసు వదిలి ఎడారిలోకి వచ్చినా నా ముందొక అమ్మాయి ఉంది చూడండి, అదీ రాత అంటే. నెలల తరబడి ఏడ్చాను. దేవుడు విన్నాడు. వాళ్ళమ్మకి సొహార్ బదిలీ అయింది. షైలా వెళ్ళిపోయిన రోజు నేను అమ్మతో రవ్వలడ్డూలు చేయించాను. ఇంత నీచుణ్ణి మీరు ఎక్కడైనా చూశారా?

తర్వాత పరీక్షలో ఫస్టు. నాన్న సైటంతా చెప్పుకున్నారు. మా కేబిన్‌కి నీళ్ళ ట్యాంకు బిగించడానికి జగిత్యాల వైపు మేస్త్రీ రాజన్న వచ్చాడు. నాన్నంటే బాగా అభిమానం ఆయనకి. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"ఫస్టొచ్చినవట గద బిడ్డా! సారు సైట్ల అందరికీ చెప్తుండు. మస్తు ఖుషీగున్నడు. క్లాసుల ఎంతమంది ఉంటరు మీరు?"

"ఉంటారు... చాలామంది."

"చాలామందంటే?"

"సరిపోయినంతమంది."

రాజన్న తాపీ కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "మా ఊర్ల కుస్తీ పోటీ పెట్టిన్రు బిడ్డా. ఆ యేడు ఒక్కడే దిగిండు. ఎదురు ఎవ్వడు లేడాయె, ఆనికే కడెం తొడిగిన్రు. ఆడు మీసం తిప్పుకుంట పక్కూరి పోటీకి పోయిండు."

"పోయి?"

"నడుమిరిగింది. గిప్పటికీ వంగి నడుస్తడు. కడెం మాత్రం తియ్యడు."

నేను ఫక్కున నవ్వాను. నా గురించి చెబుతున్నాడన్న అనుమానం నాకు వీసమెత్తు రాలేదు. తెలివైనవాణ్ణి కదా!

పన్నెండో తరగతిలోనూ నేనే ఫస్టు. రెండోవాడు వాళ్ళ నాన్న కిరాణా కొట్లో కూర్చుని చదివినవాడు, మూడోవాడు చదవనివాడు. ప్రిన్సిపాల్‌గారి చేత 'తరగతిలో ప్రథమ స్థానం' అని ప్రత్యేకంగా సర్టిఫికెట్ రాయించుకుని, దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి ఇండియా వచ్చాను. ఎంట్రన్సు రాశాను. అందులో ల్యాబుల గురించి, రంగుల గురించి అడిగారు, పాపిష్టి వాళ్ళు. ర్యాంకొచ్చింది. ఎంతో చెప్పను. చెప్పడానికి ఊపిరి చాలదు.

అయినా నాకు బెంగ లేదు. నా చేతిలో ప్లాస్టిక్ తొడుగు ఉంది. నాన్న సెలవు పెట్టి వచ్చారు. విశాఖపట్నంలో సీట్లిచ్చే చోట క్యూలో నిలబడి, కిటికీ దాకా వెళ్ళాం.

"ర్యాంకెంతండీ?" అన్నాడు గుమస్తా.

"క్లాసు ఫస్టండీ మావాడు," అన్నారు నాన్న, పక్కవాళ్ళకి కూడా వినపడేలా.

"అది కాదండీ. ఎంట్రన్సు ర్యాంకు."

నేను చెప్పాను. గుమస్తా కలం కింద పెట్టేశాడు. "ర్యాంకడిగాను బాబూ, లారీ నంబరు కాదు. లోకలా, నాన్‌లోకలా?"

"నాన్‌లోకల్," అన్నారు నాన్న. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"అయితే కష్టమండీ."

నేను సర్టిఫికెట్ కిటికీలోంచి తోశాను. "సార్, ఇది చూడండి. తరగతిలో నా స్థానం."

"ఇదెందుకు? ఫారంలో దీనికి గడి ఎక్కడుంది?"

వెతికాను. ముందు వెతికాను, వెనక వెతికాను. పుట్టుమచ్చలు ఎక్కడెక్కడున్నాయో రాయడానికి రెండు గీతలున్నాయి. క్లాసులో స్థానానికి సగం గీత లేదు. ఎడమ మోచేతి కింద ఉన్న మచ్చకున్న విలువ నా రెండేళ్ళ ఫస్టుకి లేదు. నా రొట్టె విరిగి ఇసుకలో పడింది. వెనకవాడు, "జరగండి మాస్టారూ," అన్నాడు.

జరిగాం. జరిగి ఎవరి ముందు నిలబడ్డామంటే, మూర్తి అంకుల్, కిశోర్! వాడికి సీటొచ్చేసింది, కాగితాలు ఇవ్వడానికి వచ్చారు. వాడు నన్ను వాటేసుకుని, "నువ్వెళ్ళాక నాకు ఇరవైమూడో ర్యాంకొచ్చిందిరా!" అన్నాడు. నిజంగానే కృతజ్ఞత వాడి కళ్ళలో.

మూర్తి అంకుల్ నా భుజం తట్టారు. "నువ్వు మా ఇంట్లో ఉండుంటే ఇద్దరూ కలిసి చదువుకునేవారు కదరా. నీకోసం కొన్న మంచం మీద ఇప్పుడు మీ ఆంటీ వడియాలు ఆరబెడుతోంది."

"నాకోసం మంచమేంటి అంకుల్?"

ఆయన నాన్న వైపు చూశారు, నాలిక కరుచుకున్నారు, పనుందని వెళ్ళిపోయారు.

రోడ్డు మీద టీ బడ్డీ దగ్గర కూర్చున్నాం. నాన్న టీ గ్లాసు అందుకున్నారు.

"అప్పట్లో కంపెనీవాళ్ళు నన్ను ఆఫీసులోంచి తీసేశారురా. సైటుకి పోతావా, ఇంటికి పోతావా అన్నారు. అమ్మని తీసుకుని నేను వెళ్దామని, నిన్ను మాత్రం మూర్తిగారింట్లో ఉంచి ఆ బడిలోనే చదివిద్దామని అన్నీ మాట్లాడేశాను. నిన్ను వదిలి ఎలా ఉంటానని మీ అమ్మ ఆ రోజు పొద్దుటి నుంచీ ఏడుస్తూనే ఉంది. ఆ సాయంత్రం నీకు చెబుదామనే వచ్చాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే ముందు మొదలుపెట్టావు కదరా! ఫారం అన్నావు, గడి అన్నావు. ఎక్కడో మా మాటలు విన్నావు, మమ్మల్ని వదిలి ఉండలేక ఆ వంక పెడుతున్నావనుకున్నాను. పోన్లే, పిల్లాడు అంత ప్రేమగా అడుగుతుంటే చదువుదేముందిలే అనిపించింది." టీ గుక్క తాగి, నా మొహంలోకి చూశారు. "అంతేనా?"

సీటు పోయిందన్న బాధ అప్పటిదాకా ఒక ఎత్తు, ఈ ప్రశ్న ఒక్కటీ ఒక ఎత్తు. నేను వాళ్ళ గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా గడి గురించే ఆలోచించాను.

"అంతే నాన్నా," అన్నాను.

తర్వాత ఏదో డిగ్రీ చదివాను. ప్రస్తుతం మస్కట్ పక్కనే అల్ హైల్‌లో ఒక వర్క్‌షాపులో బోల్టులూ బేరింగులూ చూసుకుంటున్నాను. అందుచేత, పాఠక మహాశయులారా, ప్లాస్టిక్ తొడుగులో ఇంకా భద్రంగా ఉన్న ఆ సర్టిఫికెట్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ తెలివి వాడను. వాడినా నా వరకే వాడతాను, కుటుంబాన్ని అందులోకి లాగను. ఫారం పూర్తిగా చదవకుండా ఉపన్యాసం ఇవ్వను.

అమ్మ మాత్రం ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. "మమ్మల్ని వదిలి ఉండలేక అంత పెద్ద బడి వదులుకున్నాడండీ. అలాంటి కొడుకు ఎవరికుంటాడు?" నేను తల వంచుకుని, ఆ ర్యాంకు కూడా పుచ్చుకుంటాను. మా ఇంట్లో కొడుకుల్లో నేనే ఫస్టు. ఎంతమందిలో అని మాత్రం అడక్కండి.