వడ్ల కాటా మీద నా భార్య

నా భార్యకు పడక సుఖం మీద ధ్యాసే లేదని మా బంధువుల్లో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధమని చెప్పాల్సిందీ నేనే.

సిరుగుప్పలో మాది రైస్ మిల్లు. రెండో కాన్పు అయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఆమె నాకు అన్నం క్యారియర్ తెచ్చింది. వడ్ల మూటలు తూచే కాటా ఖాళీగా ఉంది. ఎక్కమన్నాను. నవ్వుతూ ఎక్కింది. హమాలీలందరికీ వినపడేలా అరిచాను: "డెబ్బై ఆరు! మూటకంటే ఒక కేజీ ఎక్కువే ఉండాది కదప్పా!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, దిగి, వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆమెను "మూటా" అని పిలిచేవాణ్ణి. మెల్లగా ఆమె నా ముందు చీర మార్చుకోవడం మానేసింది. దగ్గరికి వెళితే కొంగు పొట్ట మీదికి లాక్కుని బిగుసుకుపోయేది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. "ఆమెకు ఇష్టం లేదు" అని మా అక్క మొగుడితో చెప్పుకున్నాను. ఆయన అందరికీ చెప్పాడు.

తనకేదో జబ్బని భయపడి ఆమే బళ్లారిలో లేడీ డాక్టరుకు చూపించమంది. పరీక్షల్లో ఏమీ తేలలేదు.

"నీ ఒంటి గురించి ఇంట్లో ఎవరైనా ఏమన్నా అంటారామ్మా?" అని అడిగింది డాక్టరు.

"ఎవరూ ఏమీ అనరు మేడమ్. నాకే నా ఒళ్ళంటే అసహ్యం."

పక్క కుర్చీలో ఉన్న నేను పరీక్షల కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

మొన్న ఎమ్మిగనూరులో ఒక పెళ్ళిలో, భోజనాల దగ్గర, బావ మళ్ళీ అందుకున్నాడు. "పాపం, పెండ్లాం ఉండీ సన్యాసి బతుకు బతికితివి కదప్పా!"

ఎదురు వరసలో ఆమె వింటోంది. లేచి నిలబడ్డాను.

"ఆమెలో ఏ లోపమూ లేదు బావా. మూటా మూటా అని ఆమెకు ఆమె మీదే రోత పుట్టించింది నేను. ఇంకోసారి ఆ మాటంటే నీకూ నాకూ ఈడికే సరి."

"అన్నం ముందర ఏంది ఈ మాటలు?"

"మొదలుపెట్టింది నువ్వే కదా."

ఇలాంటివి ఎవరైనా రాస్తారా అని మా వాళ్ళు మొహం చిట్లించుకుంటారు. చిట్లించుకోనీ. ఆమె గురించి నవ్వుతూ మాట్లాడినప్పుడు ఎవరికీ సిగ్గు వేయలేదు.

తిరుగు బస్సులో ఆమె, "అందరి ముందర చెప్తివి, మంచిదే. నాకు మాత్రం నీ మీద ఇంకా నమ్మకం కుదర్లేదు" అంది.

ఎప్పటికీ కుదరకపోవచ్చు. అప్పుడు కూడా లోపం ఆమెదని ఎవరూ అనకూడదు.