గొంతు లేని కార్డు

కొండల మధ్య అట్‌బాషీ ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పే బురుల్చాకు ఫోనులోని కార్డుల మీద ఉన్నంత నమ్మకం మొగుడి మీద కూడా లేదని తోటి టీచర్లు ఏడిపించేవారు. పుస్తకం తెరిస్తే ఆవలించే పిల్లలు ఆ కార్డుల కోసం ఒకరినొకరు తోసుకునేవారు మరి. ముందువైపు బొమ్మ, తిప్పితే మాట, నొక్కితే బురుల్చా గొంతు. సరిగ్గా చెప్పిన కార్డు కొన్నాళ్ళపాటు కనిపించదు. తప్పిన కార్డు మాత్రం పిలవని చుట్టంలా మాటిమాటికీ వచ్చి కూర్చుంటుంది. ఎంత మొద్దుబుర్రకైనా ఇలా మాట ఎక్కించవచ్చని ఆమె ధీమా.

ఆ ధీమాతోనే మామగారికి మాటలు నేర్పడానికి పూనుకుంది.

చలికాలం ముందు గొర్రెలు కొండ దిగే రోజుల్లో ఆమె మామగారు ఒస్మోన్‌కుల్‌కు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత తేరుకున్నాయి గానీ మాట పడిపోయింది. పెళ్ళిళ్ళలో, తగువుల్లో ఆయన నోరు విప్పితే ఊరంతా చెవులు రిక్కించేది. అలాంటి మనిషి టీ కావాలంటే గిన్నె వైపు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. నరిన్ పట్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ మొహమాటపడలేదు.

"మంచు కరిగేలోపు ఎంత వస్తే అంతే. ఆ తర్వాత ఆశ పెట్టుకోకండి. రోజూ మాట్లాడించండి. ముఖ్యంగా ఆయన పేరు ఆయనకి వినిపించండి. అది పట్టుకుంటే మిగతావి దాని వెనకే వస్తాయి."

బురుల్చా ఇంట్లో ఉన్నవన్నీ ఫోటోలు తీసింది. రొట్టె, పొయ్యి, నీళ్ళు, గుర్రం. బడి నుంచి రాగానే మామగారి పక్కన కూర్చుని, "మావయ్యా, ఇదేంటి?" అని మొదలుపెట్టేది. రొట్టె ముందొచ్చింది. తర్వాత నీళ్ళు. 'గుర్రం' అన్ననాడు అత్తగారు సైరాకాన్ పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళొత్తుకోవడానికి పైటచెంగు లేని లోటు తలగుడ్డతో తీర్చుకుంది. ఒకనాడు ఏ కార్డూ చూపించకుండానే ఆయన ఆమె వైపు చూసి "కోడలు" అన్నాడు. ఆ పూట బురుల్చా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఒక్క కార్డే మిగిలిపోయింది. తెల్ల టోపీలో ఆయన ఫోటో, వెనక ఆయన పేరు. దానికి గొంతు లేదు. మామగారి పేరు కోడలి నోట రాకూడదు. ఆమె అది ఒక్కనాడూ పలకలేదు.

"అత్తయ్యా, మీరు ఒక్కసారి అనండి. నేను బయటికెళ్ళి నిలబడతాను."

"మతిపోయిందా నీకు? పెళ్ళయిన దగ్గర్నుంచి 'ఇదిగో', 'ఏమయ్యో' అని లాక్కొచ్చాను. ఇప్పుడు మంచాన పడ్డాడని పేరు పెట్టి పిలవమంటావా? పడ్డవాడంటే అంత అలుసా?"

మొగుడు కుబాత్, తోరుగార్త్ అనే కొండ కనుమ మీదుగా లారీ తోలుతాడు. ఫోన్ చేస్తే అతనూ విరుచుకుపడ్డాడు. "కన్నతండ్రిని పేరుతో పిలవడానికి నాకేం పోయేకాలమా? ఆ ఫోన్లో ఓ మర ఆడమనిషి ఉందిగా, దాంతో అనిపించు."

అనిపించింది. ఆ మర గొంతు రష్యన్ యాసలో పేరును మూడు ముక్కలు చేసి బస్టాండులో కేకేసినట్టు కేకేసింది. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఊళ్ళో మిగిలినవాళ్ళంతా ఆయనకంటే చిన్నవాళ్ళే. ఆయన్ని చివరిదాకా పేరుతో పిలిచింది అక్క రాబియా. ఆమె పోయింది. పెద్దరికమని మనం గొప్పగా చెప్పుకునేది ఇదే, పేరు పెట్టి పిలిచే నోరు మిగలకపోవడం.

చూరు మీది మంచు బొట్లుబొట్లుగా రాలడం మొదలైంది. డాక్టరమ్మ చెప్పిన గడువు దగ్గరపడింది. అత్తగారు పొరుగింటికి వెళ్ళిన మధ్యాహ్నం బురుల్చా పశువుల పాకలోకి వెళ్ళి, ఆవు ముందు నిలబడి ఆ పేరు పలికి చూసింది. ఎలాగో కూడబలుక్కుని ఫోనులోకి అనేసి, సిగ్గుతో చచ్చిపోతూ లోపలికొచ్చింది. కార్డు తిప్పి నొక్కింది.

"ఒస్మోన్‌కుల్!"

పెద్దాయన ఉలిక్కిపడి ఆమె వైపే తిరిగాడు. చెయ్యి మెల్లగా గుండె మీద పెట్టుకున్నాడు.

"ఒస్మోన్‌కుల్. నేనే."

"అవును మావయ్యా, మీరే! మీరే!" బురుల్చా ఏడ్చేసింది.

'మావయ్యా' అనగానే ఆయన మొహంలో వెలుగు ఆరిపోయింది. ఆమె కంగారుపడి మళ్ళీ పేరు పలికింది. ఈసారి ఫోనులో కాదు, నోటితోనే. మొహం మళ్ళీ విప్పారింది.

"రాబియక్కా! ఎప్పుడొచ్చావు? దారిలో చలిగా ఉందా?"

అంత పొడుగు మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. బురుల్చా సంతోషపడాలో భయపడాలో తెలియక, "నేనండీ, మీ కోడల్ని" అంది. ఆయన మర్యాదగా విన్నాడు, ఎవరో పరాయి భాషలో మాట్లాడుతున్నట్టు.

ఆ రోజు నుంచి అదే వరస. పేరుతో పిలిస్తే గలగలా మాట్లాడతాడు, చిన్నప్పటి వాగులు, పోయిన గుర్రాలు అన్నీ చెబుతాడు. మావయ్యా అంటే నోరు మెదపడు. రొట్టె కార్డు చూపించినా రొట్టె అనడు. సైరాకాన్ తిడుతుందనుకుంది బురుల్చా. ఆమె తిట్టలేదు. కోడలి నోట ఆ పేరు వినిపించినప్పుడల్లా లేచి పాకలోకి వెళ్ళిపోయేది. దానికంటే తిట్టినా బాగుండేది.

డాక్టరమ్మ ఫోనులో సంబరపడింది. "ఇంకేం, మాట వచ్చేసిందిగా! ఆ పేరుతోనే పిలవండి, ఆపకండి."

"నన్ను గుర్తుపట్టడం లేదండీ."

"అన్నీ కావాలంటే ఎలాగమ్మా?"

వీధిలో మంచంతా కరిగి బురదైన రోజు ఆమె టీ పోసి గిన్నె అందించింది. "తాగు, ఒస్మోన్‌కుల్." ఆయన గిన్నె పక్కకు నెట్టాడు.

"నువ్వు కూర్చో అక్కా. పెద్దదానివి, నీచేత చాకిరీ చేయించుకుంటానా? మా కోడలు పోస్తుంది. దాని చేతి టీ తాగి ఎన్నాళ్ళయిందో. ఎటు పోయిందక్కా అది? నామీద అలిగిందా?"

"అలగలేదు. వస్తుంది."

"పిలువు మరి."

బురుల్చా గిన్నె పట్టుకుని వాకిట్లోకి వెళ్ళింది. కళ్ళు తుడుచుకుని, తలగుడ్డ సర్దుకుని, తలుపు తోసుకుని లోపలికొచ్చి వంగి గిన్నె అందించింది.

"మావయ్యా, టీ."

ఆయన గిన్నె అందుకోలేదు. ఆమె భుజం మీదుగా తలుపు వైపే చూస్తున్నాడు, కోడలు ఇంకా రాలేదేమని.