సింహాచలం పిన్ని గురువారాలు

నిన్న గోల్ బజార్‌లో కూరలు కొనుక్కుని వస్తుంటే, వేడి ఇసుకలో ముర్రా వేయిస్తున్న వాసన వచ్చింది. ముర్రా అంటే మన మరమరాలే, ఈ హిందీ ఊళ్ళో అలా అంటారు. ఆ వాసన తగిలితే నాకు ఆకలి వేయదు, హుషారు పుడుతుంది. ఎక్కడికో వెళ్ళి, వరసలో నిలబడి, ఏదో ఒకటి సాధించుకుని రావాలనిపిస్తుంది. ఈ జబ్బు నాకు అంటించింది సింహాచలం పిన్ని. చేతిసంచీలో నీళ్ళ సీసా, డబ్బా నిండా ఉల్లిపాయ కలిపిన ముర్రా, కాగితాల జిరాక్సులు ఉంటే చాలు, ఎంత పొడుగు వరసైనా ఆవిడకి పిక్నిక్కే.

పిన్ని నాకు చుట్టం కాదు. మోప్కా పేటలో మా పక్క వాటాలో అద్దెకుండేది. భర్త లోకో షెడ్డులో ఫిట్టరుగా చేస్తూ చనిపోయాక, క్వార్టర్ ఖాళీ చేసి ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేరింది. "క్వార్టర్ వదిలాకే ఈ ఊరెంత పెద్దదో చూసేనమ్మీ" అనేది. ఉచితంగా కుట్టుపని ఎక్కడ నేర్పుతారు, పాత బడి పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి, ఏ ఆఫీసులో ఏ ఫారం నింపాలి, అన్నీ ఆవిడ నాలిక మీదే ఉండేవి. గురువారం ఆవిడకి సెలవు. ఆ రోజు వీధిలో ఎవరో ఒకర్ని వెంటబెట్టుకుని బయల్దేరేది. ఒక్కరినే, ఇద్దర్ని కాదు. చిరునామా మాత్రం ఎవరికీ చెప్పేది కాదు, తీసుకెళ్ళి చూపించేది.

ఇక నా సంగతి. నేను రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని. బడి రైల్వేది, ఆసుపత్రి రైల్వేది, ఆడుకునే మైదానం రైల్వేది. జ్వరమొస్తే నాన్న మెడికల్ కార్డు పట్టుకుని వెళ్ళడం తప్ప ఇంకో దారి తెలీదు. ప్రైవేటు ఉద్యోగం చేసే ఆయన్ని పెళ్ళి చేసుకున్నాక ఆ కార్డులో నా పేరు పోయింది, మా పాప జానూ పేరు రానే లేదు. దాంతో ఈ ఊళ్ళో మాకిక తలుపులే లేవనుకున్నాను. నవ్వకండి, మా రైల్వే కాలనీలో సగంమంది ఇప్పటికీ అలాగే అనుకుంటారు.

జానూకి మూడేళ్ళు నిండినా ఒక్క మాట రాలేదు. పిలిస్తే తిరిగేది కాదు. మా అత్తగారు "కొందరికి ఆలస్యమవుతుందిలే" అనేవారు. ఒక పెద్ద క్లినిక్‌కి తీసుకెళితే, చెవులు పరీక్ష చేయించాలని, ఇంకా ఆలస్యం చేస్తే మాటలు రావడం కష్టమని చెప్పారు. అక్కడ అయ్యే ఖర్చు విని నేనూ మా ఆయనా తిరిగి ఇంటికొచ్చేశాం. పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. "ఏటన్నారే?" అంది. నేను బావురుమన్నాను. అంతా విని, "ఏడుపు తర్వాత చూసుకుందాం. ఈ గురువారం నీది" అంది.

సర్కారీ ఆసుపత్రి కిటికీ ముందు మా వంతు దగ్గరపడుతుంటే పిన్ని మెల్లిగా వెనక్కి జరిగింది. "నువ్వు రావా?" అన్నాను కంగారుగా. "నాను అడిగీస్తే రేపు మళ్ళీ నన్నే పిలుస్తావు. నాకేటి, వేరే పనుల్లేవా?" అని జానూని ఎత్తుకుంది. వంతు వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది? సంచీలోంచి నాన్న కార్డు జిరాక్సు తీసి చాపాను. గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి, "యహా నహీ చలేగా" అన్నాడు. ఇక్కడ చెల్లదట. ఆయన మామూలుగానే అన్నాడు గానీ నా తల కొట్టేసినట్టయింది.

"వెళ్ళిపోదాం పిన్నీ, మనకిక్కడ కుదరదు" అన్నాను.

"కార్డు మీ నాన్నది. చెవులు పాపవి. పాప చెవుల గురించి అడిగేవా?"

లేదు. కార్డు చాపానే తప్ప, నా బిడ్డకి ఏం కావాలో నేను అడగనేలేదు. ఆ మాటకొస్తే అంతవరకూ "మాటలు రాలేదు" అని అందరికీ చెప్పుకున్నాను గానీ, వినబడటం లేదని ఒక్కసారి కూడా నా నోటితో అనలేదు. మళ్ళీ వరస చివరికి వెళ్ళి నిలబడ్డాను. పిన్ని డబ్బా తెరిచి ముర్రా పెట్టింది. అది నములుతూ నిలబడ్డాను. ఈసారి కిటికీలోకి వంగి, "మా పాపకి వినబడటం లేదు. పరీక్ష ఎక్కడ చేస్తారు?" అని హిందీలో అడిగాను. ఆయన చీటీ మీద గది నంబరు, రావలసిన రోజు రాసిచ్చి, చెవి మిషన్‌కి ఫారం కూడా ఆ గదిలోనే ఇస్తారని చెప్పాడు. అంతే! ఆటోలో ఇంటికొస్తూ ఆ చీటీని ఎన్నిసార్లు చదువుకున్నానో. పిన్ని మాత్రం ఏమీ జరగనట్టు కునుకు తీసింది.

పరీక్ష అయింది. ఎన్నో తిరుగుళ్ళ తర్వాత మిషన్ వచ్చింది. పెట్టిన మొదటి రోజు జానూ భయపడి పీకేసింది. నాలుగో రోజు పొద్దున్న నేను దాని పక్కన కూర్చుని పిలిచి పిలిచి అలిసిపోయాక, గుమ్మంలోంచి పిన్ని తన మామూలు గొంతుతో "ఓలమ్మీ, తిన్నావేటి?" అంది. జానూ గిరుక్కున తిరిగింది! నేను ఎగిరి గంతేశాను. మరు నిమిషంలో కాస్త అసూయ కూడా వేసింది, అబద్ధమెందుకు. కన్నదాన్ని నేనైతే, మొదట పిన్ని గొంతుకి తిరగడమేమిటి? ఆ మాట చెప్తే పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది.

పిన్ని పోయి రెండేళ్ళయింది. ఆవిడ లేని వీధిలోకి అడుగుపెట్టడానికి మొదట్లో మనసొప్పేది కాదు. ఇప్పుడు గురువారాలు నావి. మొన్న పక్క పేట లింగియాడీహ్ నుంచి ఒకావిడ మోకాలి నొప్పుల అత్తగారితో వచ్చింది. పాత ఆఫీసు పాస్ చేతిలో పట్టుకుని, ఏమడగాలో తెలీక బిక్కమొహం వేసింది. ఆవిణ్ణి కిటికీ దాకా తీసుకెళ్ళి నోరు మూసుకుని నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

జానూకిప్పుడు తొమ్మిదేళ్ళు. కొన్ని అక్షరాలు ఇంకా సరిగ్గా పలకవు. పోయిన వారం చెవి మిషన్ సెల్లులు కొనడానికి ఇద్దరం దుకాణానికి వెళ్ళాం. జానూ అడిగింది. దుకాణదారుడికి అర్థం కాక నా మొహం చూశాడు. చెప్పేయబోయి పెదవి కొరుక్కున్నాను. జానూ మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ నన్నే చూశాడు. అప్పుడది బల్ల మీద చెయ్యి వేసి, గొంతు పెంచి, "అంకుల్, ఇధర్ దేఖియే. మై పూఛ్ రహీ హూ" అంది. ఇటు చూడండి, అడుగుతున్నది నేను అని.

ఆయన నా మీంచి చూపు తీసి మా అమ్మాయి వైపు తిరిగాడు.